జన్మకో పరీక్ష: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఎయిర్‌ఫోర్స్ పైలట్ ఎంపికలో, మెడికల్‌కి ముందు ఆఖరున వచ్చే సీపీఎస్ఎస్ గురించి పోయిన సంచికలో రెండే వాక్యాలు రాసి వదిలేశాను. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ ఆ రెండు వాక్యాల మీదే. సీపీఎస్ఎస్ అంటే కంప్యూటరైజ్డ్ పైలట్ సెలెక్షన్ సిస్టమ్. నేను ఎయిర్‌ఫోర్స్ పైలట్‌గా ఎంపికైన రోజుల్లో దీని స్థానంలో పీఏబీటీ ఉండేది, పైలట్ ఆప్టిట్యూడ్ బ్యాటరీ టెస్ట్. యంత్రాలు మారాయి గానీ షరతు మారలేదు. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. అందుకే మీకింత టెన్షన్. పెద్ద ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను.

*

ప్రశ్న: మేడమ్, నేను భీమవరంలో బీటెక్ మెకానికల్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఎయిర్‌ఫోర్స్ రాతపరీక్ష ఆఫ్‌క్యాట్ పాసయ్యాను, మైసూరు సెలెక్షన్ బోర్డు నుంచి కాల్ లెటర్ వచ్చింది. సీపీఎస్ఎస్ మెషిన్ లాంటిదే తమ దగ్గరుందని ఒక కోచింగ్ వాళ్ళు చెబుతున్నారు. రెండు రోజుల ప్రాక్టీసుకి 25 వేలు అడిగారు. నాన్నకి రొయ్యల చెరువులు, ఈ ఏడు రేటు లేదు. అడగడానికి మొహమాటంగా ఉంది. కట్టకపోతే మిగతావాళ్ళ కంటే వెనకబడిపోతానా?

జవాబు: కట్టొద్దు బాబూ. ఆ డబ్బు నాన్నగారికి మేత కొనడానికి పనికొస్తుంది.

ముందు ఈ పరీక్ష ఏమిటో తెలుసుకో. పాత పీఏబీటీలో మూడు భాగాలుండేవి. మొదటిది ఇన్‌స్ట్రుమెంట్ బ్యాటరీ. కాక్‌పిట్‌లో ఉండే డయల్స్ ఒక్కొక్కటీ వివరించి, తర్వాత వాటి బొమ్మలు చూపించి విమానం ఏం చేస్తోందో చెప్పమనేవారు. రెండోదాన్ని సెన్సరీ మోటార్ అనేవారు. కాక్‌పిట్ లాంటి సీట్లో కూర్చోబెడతారు. తెర మీద ఒక చుక్క దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతూ ఉంటుంది. చేతిలో స్టిక్, కాళ్ళ కింద పెడల్స్. ఆ చుక్కని మధ్య గడి దాటిపోకుండా పట్టి ఉంచాలి. అది చాలదన్నట్టు పక్కన దీపాలు వెలుగుతాయి, వాటిని రెండో చేత్తో ఆర్పాలి. మూడోది కంట్రోల్ వెలాసిటీ. కదిలిపోతున్న దారిలో చుక్కలు వస్తుంటాయి, స్టిక్‌ని పక్కలకి జరుపుతూ వాటిని తాకాలి. ఇప్పుడివన్నీ కంప్యూటర్ మీదికి వచ్చాయి. రక్షణ పరిశోధన చేసే డీఆర్‌డీఓ సంస్థలు ఈ కొత్త వ్యవస్థని తయారుచేశాయి. చేసే పనుల రకాలు పెరిగాయి, మార్కులు మనిషి కాకుండా యంత్రమే వేస్తోంది.

ఇందులో చూసేది నువ్వు అప్పటికే ఎంత బాగా నడపగలవని కాదు. అసలు నడపడం రానివాళ్ళ కోసమే కదా ఈ పరీక్ష! ఎప్పుడూ చూడని పరికరాన్ని చేతికిస్తే, చెప్పింది విని ఎంత త్వరగా దారికి వస్తావనేదే వాళ్ళకి కావాలి. దుండిగల్ అకాడమీలో పీసీ-7 విమానం మీద శిక్షణ మొదలయ్యాక ప్రతి పాఠమూ అలాగే ఉంటుంది. ఇవాళ చూపించింది రేపటికి చేతికి వచ్చి తీరాలి. రాకపోతే శిక్షణ మధ్యలోనే ఇంటికి పంపేస్తారు. ఆ నష్టం ఇక్కడే తప్పించాలని వాళ్ళ ప్రయత్నం.

మరి ఆ కోచింగ్ మెషిన్ సంగతి. దాని స్టిక్ బిగువు వేరు, పెడల్ ఎంత తొక్కితే చుక్క ఎంత జరుగుతుందనే లెక్క వేరు. రెండు రోజులు దాని మీద చెయ్యి తిప్పాక అసలు సీట్లో కూర్చుంటే, నీ చెయ్యి పాత బిగువునే వెతుక్కుంటుంది. ప్రాక్టీసు వల్ల బొత్తిగా లాభం ఉండదని అనను. బెరుకు తగ్గొచ్చు. దానికి 25 వేలు ఎక్కువ.

నువ్వు ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది డయల్స్ చదవడం. ఆరు డయల్స్, అంతే. ఎయిర్‌స్పీడ్, ఆర్టిఫిషియల్ హారిజాన్, ఆల్టీమీటర్, టర్న్ ఇండికేటర్, హెడింగ్ చూపే దిక్సూచి, ఎక్కే దిగే వేగం చూపే వర్టికల్ స్పీడ్. ఏ పాత శిక్షణ విమానం కాక్‌పిట్ ఫోటో తీసుకున్నా ఇవి కనిపిస్తాయి. ప్రింటు తీసి గోడకి అంటించుకో.

ఆల్టీమీటర్‌లో పొడుగు ముల్లు వందల అడుగులు, పొట్టి ముల్లు వేల అడుగులు చెబుతుంది. పొట్టిది 4 దాటి 5కి ఇవతల ఉండి, పొడుగుది 3 మీదుంటే ఎత్తు 4,300 అడుగులు. ఇంకో సన్న ముల్లు పది వేలు చెబుతుంది, దాన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. దాన్ని వదిలేస్తే 14,300ని కూడా 4,300 అని రాసొస్తావు.

అందరూ తడబడేది ఆర్టిఫిషియల్ హారిజాన్ దగ్గర. మధ్యలో ఉన్న చిన్న విమానం బొమ్మ కదలదు, వెనక గీత కదులుతుంది. ఆ గీత ఎడమ చివర కిందికి వంగిందంటే విమానం కుడివైపు ఒరిగిందని అర్థం. మొదట్లో బుర్ర ఒప్పుకోదు. సెల్‌ఫోన్‌ని కళ్ళ ముందు పట్టుకుని తలని కుడి భుజం వైపు వంచి కిటికీ చట్రాన్ని చూడు. చట్రం ఎడమకి వాలినట్టు కనిపిస్తుంది. అప్పుడిక బట్టీ పట్టక్కర్లేదు. ఫోన్ ఎందుకంటావా? అది నీతోపాటు ఒరిగే కాక్‌పిట్, కళ్ళకి మాత్రం తిన్నగానే కనిపిస్తుంది. గీత బొమ్మకి కిందికి జారితే ముక్కు పైకి లేచినట్టు. ముక్కు పైకి ఉన్నా వర్టికల్ స్పీడ్ దిగుతున్నట్టు చూపించవచ్చు, వేగం పడిపోతుంటే అలా జరుగుతుంది. కాబట్టి ఒక్క డయల్ చూసి జవాబు రాయకు.

టర్న్ ఇండికేటర్ అడుగున గాజు గొట్టంలో ఒక బంతి ఉంటుంది, తాపీ మేస్త్రీ రసమట్టంలో బుడగలాగే అనుకో, కాకపోతే ఇది బరువైంది కాబట్టి కిందికి జారుతుంది. బంతి ఎటు పోతే ఆ పెడల్ తొక్కాలి. పైలట్లకి మొదటి వారమే నేర్పే సూత్రమిది.

దిక్సూచి లెక్కలు నోటితో చెయ్యి. 030 మీద వెళ్తూ ఎడమకి 60 డిగ్రీలు తిరిగితే 330. నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగుతూ 4,300 నుంచి 2,800కి రావడానికి మూడు నిమిషాలు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు, వంద నాట్లంటే సుమారు 185. ఇవి బస్సులో కూర్చుని చేసుకునే లెక్కలే. అయితే పక్కన ఎవరో మాట్లాడుతుండగా చెయ్యి. నిశ్శబ్దంలో చేసే లెక్క పైలట్‌కి పెద్దగా ఉపయోగపడదు.

స్టిక్, పెడల్స్ భాగానికి ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. నేను హకీంపేటలో చేతక్ హెలికాప్టర్ మీద హోవర్ నేర్చుకునేటప్పుడు, అంటే గాల్లో ఒకేచోట నిలబెట్టడం, మా ఇన్‌స్ట్రక్టర్ మొదట నాకు పెడల్స్ ఒక్కటే ఇచ్చి మిగతావి తను పట్టుకున్నారు. తర్వాత ఎడమచేతి లివర్. ఆ తర్వాతే స్టిక్. మూడూ ఒకేసారి ఇచ్చిన రోజు హెలికాప్టర్ గ్రౌండంతా తిరిగింది. అప్పుడాయన అన్నమాట: 'నీ కాళ్ళు నిద్రపోతున్నాయి.' చేతి మీద ధ్యాస పెట్టగానే కాళ్ళు బిగుసుకుపోతాయి, కాళ్ళ మీద పెడితే దీపం వెలిగింది కనపడదు. పరీక్షలోనూ తడబడేది ఇక్కడే. చుక్క గడి దాటిపోగానే దాన్నే వెంటాడుతూ మిగతా అన్నీ వదిలేస్తారు. దాటిపోతే పోయింది, చిన్న చిన్న కదలికలతో వెనక్కి తెచ్చుకో. పెద్దగా లాగితే అవతలికి పోతుంది, మళ్ళీ ఇవతలికి లాగుతావు, ఇక ఆ ఊగడం ఆగదు. స్టిక్‌ని వేళ్ళతో పట్టుకో, పిడికిలితో కాదు. పెడల్స్ మీద మడమలు నేలకి ఆనించి మునివేళ్ళతో తొక్కు. కుడి పెడల్ తొక్కితే ముక్కు కుడికి పోతుంది. సైకిల్ హ్యాండిల్ అలవాటున్న మనకి కుడిది ముందుకి తోస్తే ఎడమకి తిరుగుతుందనిపిస్తుంది. ఆ అలవాటుని సీట్లో కూర్చోగానే మనసులో ఒకసారి చెరిపేసుకో.

ఇంకో మాట. సీపీఎస్ఎస్ వరకు చేరేది బోర్డు సిఫారసు చేసినవాళ్ళే. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే బోలెడుమంది తిరుగు రైలెక్కుతారు. తర్వాత సైకాలజీ పరీక్షలు. బొమ్మ అర నిమిషం చూసి నాలుగు నిమిషాల్లో కథ రాయాలి, పదిహేను సెకన్లకో మాట చొప్పున అరవై మాటలకి వాక్యాలు రాయాలి. ఆపైన గ్రౌండ్‌లో గ్రూప్ టాస్కులు, ఇంటర్వ్యూ, కాన్ఫరెన్స్. అన్నీ దాటేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. ఛాతీ మీది నంబరు పిలిచి రికమెండెడ్ అనగానే ఆ రాత్రి ఎవ్వరికీ నిద్ర పట్టదు. కబుర్లు, ప్లాన్లు, భవిష్యత్తులో నడపబోయే సుఖోయ్‌లు. అవతల సీపీఎస్ఎస్ ఉందన్నది మరిచిపోతారు. నా మటుకు నేను, ఆ రాత్రి పెందలాడే పడుకున్నవాళ్ళకే ఎక్కువ మార్కులేస్తాను. నాన్నగారికి కబురు చెప్పు, భోంచెయ్యి, పడుకో.

*

ప్రశ్న: నాకు ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్స్ బాగా వచ్చు. రోజూ ఆడతాను. ఇది ప్రిపరేషన్ కింద లెక్కే కదా మేడమ్? ఇంట్లోవాళ్ళకి చెప్పి ఒప్పించండి. (డిగ్రీ విద్యార్థిని, నల్గొండ)

జవాబు: నన్ను అడ్డం పెట్టుకుని ఆడుకుందామనా తల్లీ! డయల్స్ చదవడానికి పనికొస్తుంది, ఆ మేరకు ఒప్పుకుంటాను. కీబోర్డు మీద ఆడితే కాళ్ళకి ఏ పనీ ఉండదు. దానికంటే ఇంట్లో ట్రాక్టరో పాత గేర్ల కారో ఉంటే ఖాళీ స్థలంలో పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని నేర్చుకో. రెండు చేతులు, రెండు కాళ్ళు వేరువేరు పనులు చేస్తుండగా కళ్ళు బయట చూడటం దాంతోనే అలవాటవుతుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరే వీలుంటే మాత్రం వదలకు. అక్కడ మైక్రోలైట్ విమానం ఎక్కే అవకాశం దొరకొచ్చు. ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి ఫ్లయింగ్ బ్రాంచిలో ప్రత్యేక ఎంట్రీ కూడా ఉంది, దానికి ఆఫ్‌క్యాట్ రాయక్కర్లేదు.

*

ప్రశ్న: నమస్కారమండీ. మాది తాడేపల్లిగూడెం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి ఫైటర్ పైలట్ అవ్వాలని. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పైలట్ బ్యాచ్ అని ఒక కోచింగ్ సెంటర్లో చేర్పించాం, ఏడాది ఫీజు ముందే కట్టాం. మొన్న వాళ్ళ సీనియర్ ఎవరో కళ్ళద్దాలుంటే కుదరదన్నాడట. మా వాడికి రెండు కళ్ళకీ మైనస్ 1.25. కోచింగ్ సారుని అడిగితే 'లేజర్ చేయించేయండి, అయిపోతుంది' అన్నారు. చేయించమంటారా?

జవాబు: అమ్మా, దయచేసి ఇప్పుడు చేయించకండి. లేజర్ సర్జరీకి ఎయిర్‌ఫోర్స్ నియమాల్లో ఇరవై ఏళ్ళ వయసు దాటాకే అనే షరతు ఉంది. అంతకు ముందు చేయించుకుంటే ఆ ఆపరేషనే అనర్హత అవుతుంది. ఎన్‌డీఏకి వెళ్ళే వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. రెండూ కలవవు, లెక్క మీకే తెలుస్తుంది.

సీనియర్ చెప్పింది నిజం. ఫ్లయింగ్ బ్రాంచికి హ్రస్వదృష్టి, అంటే మైనస్ పవర్, ఉండకూడదు. ప్లస్ పవర్ కొంతవరకు ఒప్పుకుంటారు. రంగులు గుర్తించడంలో పై శ్రేణి చూపు ఉండాలి. ఈ సంగతులన్నీ ప్రతి నోటిఫికేషన్ వెనక అనుబంధంలో అచ్చయి ఉంటాయి. మీ దగ్గర ఏడాది ఫీజు తీసుకున్నవాళ్ళు ఆ పేజీ చదవలేదంటే నేను నమ్మను. మిగిలిన ఫీజు వెనక్కి అడగండి, రాతపూర్వకంగా అడగండి. ఆ బ్యాచ్‌లో కళ్ళద్దాల పిల్లలు ఇంకెందరున్నారో కనుక్కుని వాళ్ళ తల్లిదండ్రులతో కలిసి వెళ్తే మరీ మంచిది.

అబ్బాయికి ఈ మాట మీరే చెప్పండి, ఇంకొకరి నోట వినే కంటే నయం. ఎన్‌డీఏ తలుపు పూర్తిగా మూసుకుపోలేదని కూడా చెప్పండి. ఆర్మీకి, ఎయిర్‌ఫోర్స్‌లో విమానం నడపని గ్రౌండ్ డ్యూటీ శాఖలకి కంటిచూపు కొలతలు వేరుగా ఉంటాయి, కొంత మైనస్ పవర్ ఒప్పుకుంటారు. ముందు ఒక మంచి కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేయించి పవర్ సరిగ్గా తేల్చండి. కళ్ళజోళ్ళ షాపులో మెషిన్ చీటీ సరిపోదు. విమానం నడపడమే కావాలంటే పౌర విమానయానం ఉంది. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ క్లాస్ వన్ మెడికల్‌లో కళ్ళద్దాలతో చూపు సరిపోతే చాలు. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, ఆ ఖర్చు మామూలుగా ఉండదు, ఆలోచించుకోండి.

తమ పిల్లల్ని పైలట్లని చేద్దామనుకునే తల్లిదండ్రులందరికీ నా విన్నపం ఇదే. పుస్తకాలు కొనేముందు కంటి డాక్టరు ఫీజు కట్టండి. ఆ తర్వాత టేపు తీసుకుని కొలవండి. దాని గురించి కిందనే ఇంకో ఉత్తరం ఉంది.

*

ప్రశ్న: నా ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. అందరూ పోలీసులో చేరమంటున్నారు. పైలట్ అవ్వలేనా? (ఆదిలాబాద్)

జవాబు: ఎత్తుకి కింది హద్దు 162.5 సెంటీమీటర్లు. పై హద్దు కాళ్ళ దగ్గర, నడుము పైభాగం దగ్గర తేలుతుంది. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, తొడ పొడవు 64 దాటకూడదు, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 వరకు. తొడ ఎందుకంటే, ఫైటర్ నుంచి సీటుతో సహా బయటికి ఎగిరిపోవాల్సి వస్తే మోకాళ్ళు ముందున్న ప్యానెల్‌కి తగలకూడదు. నీ ఎత్తుకి నాకు తొడ మీదే అనుమానం. గోడకి వీపు ఆనించి కుర్చీలో నిటారుగా కూర్చో, గోడ నుంచి మోకాలి చివరి దాకా ఎవరితోనైనా కొలిపించు. అంచుల్లో ఉంటే ఆశ వదులుకోకు, అక్కడ వాళ్ళ పరికరంతో కొలిచిందే లెక్క. చాలా ఎక్కువ తేడా ఉంటే ఏళ్ళు వృథా చేసుకోకు.

*

ప్రశ్న: అక్కా, మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీఎస్సీ మ్యాథ్స్ ఫిజిక్స్. లెక్కలు బాగా వస్తాయి, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, ఎవరైనా గబగబా మాట్లాడితే మాత్రం సగమే అందుతుంది. మెషిన్ పరీక్షలో ఇంగ్లీషులో చెప్పేది అర్థంకాక పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ఉత్తరం నీదే చెల్లీ. మిగతావాళ్ళు స్టిక్ గురించి అడిగారు, నువ్వు చెవి గురించి అడిగావు. సగం పరీక్ష అక్కడే ఉంది. బ్రీఫింగ్‌లో చెప్పింది చెప్పినట్టు పట్టుకున్నవాళ్ళకి సీట్లో తడబాటు తక్కువ. ఇంగ్లీషు బాగా వచ్చిన నగరం పిల్లలు చాలామంది 'ఇది నాకు తెలిసిందేలే' అనుకుని సగం వింటారు. ఆ విషయంలో నీ భయమే నీకు మేలు చేస్తుంది.

మా అమ్మది నిడదవోలు, నాదీ తెలుగు మీడియమే. మైసూరులో నాకు ఎదురైన ఇబ్బంది అక్కడి ఆఫీసర్ల యాసలతోనే. ఒకాయన పంజాబీ ఇంగ్లీషు, ఇంకొకాయన మలయాళీ ఇంగ్లీషు. అన్ని యాసల్లోనూ పనికొచ్చే మాటలు మాత్రం కొద్దే. క్లైంబ్, డిసెండ్, బ్యాంక్, టర్న్, హెడింగ్, ఆల్టిట్యూడ్, లెవెల్, క్లాక్‌వైజ్, యాంటీక్లాక్‌వైజ్, సైమల్టేనియస్లీ. ఇలాంటివి ఓ ముప్పై రాసుకుని, ఎవరితోనైనా చదివించుకుంటూ, విన్న వెంటనే అరచేతిని విమానంలా అటు తిప్పు. బుర్రలో తెలుగులోకి మార్చుకునే అవసరం లేకుండా చెయ్యి కదలాలి. నీ తమ్ముడికి ఇది ఆటలా ఉంటుంది, వాడినే చదవమను.

రెండో అభ్యాసం. ఇంట్లో ఏదైనా వస్తువుతోపాటు వచ్చిన, దాన్ని ఎలా వాడాలో ఇంగ్లీషులో చెప్పే చిన్న పుస్తకం తీసుకో. మిక్సీదో, కుట్టుమిషన్‌దో. ఒక పేజీని ఎవరితోనైనా ఒక్కసారే పైకి చదివించుకుని, మళ్ళీ చూడకుండా ఆ పని వరసగా చెయ్యి. తర్వాత అదే అమ్మకి తెలుగులో చెప్పు. ఎక్కడ మెట్టు తప్పిందో అమ్మ అడిగే ప్రశ్నలోనే దొరికిపోతుంది.

బ్రీఫింగ్‌లో ఏదైనా అందకపోతే చెయ్యెత్తి అడుగు. 'సర్, ప్లీజ్ రిపీట్' అంటే మార్కులు పోవు. అడగకుండా సీట్లో కూర్చుని పక్కవాడి కాళ్ళు చూస్తే పోతాయి. మనవాళ్ళు అడగరు. ఇంగ్లీషు తప్పు పోతే నవ్వుతారని. నవ్వినవాడు ఎవడూ నీ విమానం నడపడు కదా.

ఆఫ్‌క్యాట్‌కీ ఒక మాట. నూరు ప్రశ్నలు, రెండు గంటలు, ఒక్కోదానికి మూడు మార్కులు, తప్పుకి ఒకటి పోతుంది. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే. నీకు లెక్కలు, రీజనింగ్ బలం కాబట్టి అవి ముందు ముగించి మిగిలిన సమయం ఇంగ్లీషుకి ఇవ్వు. మొదటిసారి బోర్డుకి వెళ్ళేవాళ్ళకి థర్డ్ ఏసీ రైలు చార్జీ తిరిగి ఇస్తారు. టికెట్ జాగ్రత్తగా ఉంచుకో, ఖర్చుకి భయపడి ఆగిపోకు.

*

ప్రశ్న: మేడమ్, నాది హనుమకొండ. పోయిన ఏడాది బోర్డు రికమెండ్ చేసింది, సీపీఎస్ఎస్‌లో పోయింది. ఇంట్లో ఇప్పటికీ మెడికల్‌లో పోయిందనే చెప్పాను. ఫ్రెండ్ ఒకడు, ఇంకో ఎంట్రీలో వెళ్ళి పాతది రాయకపోతే ఎవరికీ తెలియదు, మళ్ళీ రాయొచ్చు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ ఫ్రెండ్ సలహా విన్నావంటే ఇప్పుడున్న అవకాశాలు కూడా పోతాయి. నీ వివరాలు వాళ్ళ రికార్డులో ఉంటాయి. నువ్వు నింపే ప్రతి దరఖాస్తులో ఇంతకు ముందు ఈ పరీక్ష రాశావా అని అడుగుతారు, సంతకం పెట్టి జవాబు రాయాలి. ఎన్‌డీఏ, సీడీఎస్ (డిగ్రీవాళ్ళు రాసే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష), ఎన్‌సీసీ ఏ దారిన వచ్చినా, నేవీ పైలట్ ఎంట్రీకి వెళ్ళినా ఇదే ప్రశ్న. పొట్టి జవాబు ఏమిటంటే, మన సైన్యంలో పైలట్ సీటు నీకు ఇక లేదు. నెమ్మదిగా చెప్పినా గట్టిగా చెప్పినా ఇందులో తేడా రాదు కాబట్టి సూటిగా రాస్తున్నాను.

ఇప్పుడు ఉన్నవి చూద్దాం. బోర్డు నిన్ను ఆఫీసరుగా పనికొస్తావని రాసింది. చుక్కని గడిలో ఉంచలేకపోవడం ఆ రాతని చెరిపెయ్యదు. దరఖాస్తులో గ్రౌండ్ డ్యూటీ కూడా పెట్టావా? పెట్టి ఉంటే ఆ మెరిట్‌లో నీ సంగతి ఏమైందో ముందు కనుక్కో. పెట్టకపోతే ఆఫ్‌క్యాట్ మళ్ళీ రాయొచ్చు. ఫ్లయింగ్‌కి 24 ఏళ్ళు హద్దయితే గ్రౌండ్ డ్యూటీకి 26 దాకా ఉంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, ఫైటర్ కంట్రోల్ లాంటివి అందులోవే. నా సర్వీసులో మబ్బుల్లో దారి కనపడని రోజు నన్ను కిందికి దింపిన గొంతులు వాళ్ళవే. సీడీఎస్‌లో ఆర్మీ దారి కూడా తెరిచే ఉంది, సీపీఎస్ఎస్ దానికి అడ్డు రాదు. పౌర విమానాల లైసెన్సుకీ దీనితో సంబంధం లేదు. డీజీసీఏ ఈ ఫలితం అడగదు.

ఒక్కసారే ఎందుకు రాయనిస్తారని చాలామంది తిడుతుంటారు. రెండోసారి కూర్చుంటే యంత్రం కొత్తది కాదు, అప్పుడు కొలిచేది కొత్తది నేర్చుకునే వేగాన్ని కాదు. ఆ లెక్కలో నాకు న్యాయం కనిపిస్తుంది. అయితే జ్వరంతో కూర్చున్నవాడికీ, మూడు రాత్రులు నిద్రలేనివాడికీ కూడా అదే ఒక్కసారి కావడం నాకు మింగుడుపడదు. రెండో అవకాశం కాదుగానీ, ఒంట్లో బాగాలేనప్పుడు ముందే నోరు తెరిచి చెప్పే ధైర్యం మన పిల్లలకి ఉండాలి. సీట్లో కూర్చున్నాక చెప్పి లాభం లేదు.

ఇంట్లో చెప్పిన అబద్ధం గురించి నువ్వు సలహా అడగలేదు. అయినా చెప్తున్నాను. మళ్ళీ ఆఫ్‌క్యాట్ ఫారం నింపే ముందే నాన్నగారితో చెప్పు. ఆయన మెడికల్‌లో పోయిందనుకుని నీ ఆరోగ్యం గురించి ఎవరెవరికి చూపించాలా అని తిరుగుతూ ఉండొచ్చు.

*

ప్రశ్న: అగ్నివీర్ వాయులో చేరితే తర్వాత పైలట్‌ని చేస్తారా? (కర్నూలు)

జవాబు: చెయ్యరు. అది వేరే ఎంపిక, వేరే పని. పైలట్ ఆఫీసరుగానే చేరాలి. అర్హత, వయసు ఉంటే అందరిలాగే రాసుకోవాలి.

*

ప్రశ్న: అమ్మాయిలకి సీపీఎస్ఎస్‌లో మార్కులు తగ్గించి ఇస్తారట, నిజమేనా? (పేరు రాయని పాఠకుడు)

జవాబు: ఆ చుక్కకి తనని పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలియదు నాయనా. 1990ల్లో మేము ఆ సీట్లో కూర్చున్నప్పుడూ యంత్రం ఒక్కటే. 2016 జూన్‌లో దుండిగల్ పరేడ్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియమితులయ్యారు. వాళ్ళు నడిపే విమానం వాళ్ళ కోసం నెమ్మదిగా దిగదు. ఈ ప్రశ్న అడగడానికి పెట్టిన సమయంలో నువ్వు రెండు దిక్సూచి లెక్కలు చేసుకుని ఉండొచ్చు.

*

మెడికల్ బోర్డు గురించి వచ్చిన ఉత్తరాలు ఇంకా కట్టగా ఉన్నాయి, వచ్చే సంచికలో వాటిని తీసుకుంటాను. కొలతలు రాసి పంపేవాళ్ళు చెప్పులు విప్పి కొలిచి, సెంటీమీటర్లలో రాయండి. 'సుమారు ఆరడుగులు' అని రాస్తే నేనేమీ చెప్పలేను.